ఆక్స్‌ఫర్డు చెరసాలలో జాన్ వెస్లీ

1705లో ఇంగ్లండునందలి ఎప్‌వర్త్ గ్రామపు చర్చి గురువు శామ్యూల్ వెస్లీ అప్పు తీర్చలేక చెరసాల పాలయ్యెను. అప్పటికి ఆయన కుమారుడు జాన్‌కు రెండేండ్లు. పాతికేండ్ల పిదప ఆ బిడ్డయే ఋణగ్రస్తులు మగ్గుచున్న మరియొక చెరసాల వాకిట నిలిచెను.

జాన్ వెస్లీ యనగానే గుఱ్ఱమెక్కి దేశమంతయు తిరిగిన మతప్రబోధకుడే మనకు స్ఫురించును. అంతకు ముందటి అధ్యాపకుని తలచువారు తక్కువ. 1726లో ఆయన ఆక్స్‌ఫర్డులోని లింకన్ కళాశాలలో ఫెలోగా ఎన్నికయ్యెను. నాడు అచటి కళాశాలలన్నియు ఇంగ్లండు చర్చికి చెందినవే. ప్రార్థనలకు కొదువ లేదు. పేదవాని గడప తొక్కుట మాత్రము చదువులో భాగము కాదు. తమ్ముడు చార్లెస్ కూర్చిన చిన్న విద్యార్థిబృందమునకు 1729లో జాన్ పెద్దయయ్యెను. వారి నియమబద్ధమైన నడవడిని చూచి తోడివారు వేళాకోళముగా పెట్టిన పేరే మెథడిస్టులు. సేవకు ధ్రువపత్రములిచ్చు కాలము మనది. వారికి దక్కినది ఆ పేరే.

వారిని చదువుగది దాటించినవాడు విలియం మోర్గన్ అను విద్యార్థి. కోట చెరసాలలోని ఖైదీలను చూచి వచ్చి, మిత్రులను గూడ రమ్మని పట్టుపట్టెను. 1730 ఆగస్టు 24న వెస్లీ సోదరులు అతని వెంట నడచిరి. అధ్యాపకునికి విద్యార్థి దారి చూపుట! జాన్ తండ్రి సలహా కోరగా ఆ వృద్ధుడు సంతోషించెను. తానును విద్యార్థిదశలో ఆ చెరసాలకు పోయినవాడే. బిషప్పు సమ్మతియు లభించెను.

కొద్దిపాటి బాకీలకై చెరలోనున్నవారిని ఆ బృందము సొమ్ము చెల్లించి విడిపించెను. పేదపిల్లలకు చదువు చెప్పెను. రాబడి 30 పౌనులనుండి 60కి పెరిగినను వెస్లీ 28 పౌనులతోనే ఏడాది గడపి, మిగిలినది పంచిపెట్టెనందురు.

1732లో మోర్గన్ జబ్బుపడి మరణించెను. వెస్లీ నేర్పిన ఉపవాసములే అతనిని బలిగొన్నవని వదంతి పుట్టెను. వెస్లీ ఆ తండ్రికి దీర్ఘమైన లేఖ వ్రాసెను: మోర్గన్ ఉపవాసములు మానివేసి ఏడాదిన్నర యైనది, తాను ఆరంభించి ఆరునెలలైనను కాలేదు. పిదప తమ సేవాకార్యముల కథయంతయు వివరించెను. కొడుకును పోగొట్టుకొన్న ఆ తండ్రి మరుసటి యేట చిన్నకుమారుడు రిచర్డును వెస్లీకే శిష్యునిగా అప్పగించెను.

రిచర్డు మొదట గురువుగారి కాఠిన్యమును గూర్చి ఇంటికి ఫిర్యాదులు వ్రాసెను. 1735లో వెస్లీ జార్జియాకు ఓడయెక్కెను. ఆ యేడే రిచర్డు ఆక్స్‌ఫర్డులోని బొకార్డో చెరసాల బాధ్యతను తానే పైన వేసికొని, వారమునకు మూడు దినములు అచటికి పోవుచుండెను.