వినబడని శబ్దంతో వజ్రాన్ని కొలిచిన మన సూరి భగవంతం



వినాయక నిమజ్జనం రోజు డీజే బండి మన హసన్‌పర్తి వీధుల్లోంచి చెరువు వైపు వెళ్తుంటే కిటికీ అద్దాలు గడగడలాడతాయి, గుండె మీద ఎవరో గుద్దినట్టు ఉంటుంది. ఇది మీ అందరికీ అనుభవమే. శబ్దానికి నిజంగానే అంత బలం ఉందా, ఆ బలానికి హద్దు ఎక్కడ అని మీ పిల్లలు అడిగితే చెప్పడానికి వీలుగా ఈ నెల సూరి భగవంతం గారి జీవితాన్ని ఎంచుకున్నాను. పెద్దవాళ్లకు బాగా తెలిసిన పేరే. పిల్లలకే తెలియదు.

ఆయన 1909 అక్టోబర్ 14న కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివి, మద్రాస్ యూనివర్సిటీ బీఎస్సీ ఫిజిక్స్ పూర్తి చేసి, 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర చేరారు. రామన్ ఎఫెక్ట్ బయటపడింది ఆ ఏడాదే. మన పిల్లలు ఎంట్రన్స్ ర్యాంకు కోసం ఎదురుచూసే వయసు కన్నా ఒకటి రెండేళ్లే పెద్ద ఆయన అప్పటికి. 1931లో రామన్‌తో కలిసి కాంతి కణానికి స్పిన్ ఉందని చూపే ప్రయోగం ప్రచురించారు. 1932లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరి, ముప్పై నిండకముందే ప్రొఫెసర్ అయ్యారు.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. యుద్ధ భయంతో విశ్వవిద్యాలయం సామాన్లు సర్దుకుని గుంటూరు వెళ్లిపోయింది. మళ్లీ విశాఖకు వచ్చింది 1946లో.

బాంబు మోతకూ డీజే మోతకూ తేడా ఏమిటో ఇక్కడే చెప్పుకోవాలి. శబ్దం అంటే గాలి ఒకసారి నొక్కుకుని, మరుక్షణం వదులవడం. శబ్దం పెంచితే నొక్కుడూ పెరుగుతుంది, వదులూ పెరుగుతుంది. కానీ వదులవడానికి ఒక అడుగు ఉంది. చెంబులో నీళ్లు మొత్తం వంపేశాక ఇంకా వంపమంటే ఏం వంపుతాం? గాలి పూర్తిగా ఖాళీ అయిపోయే ఆ స్థితి సుమారు 194 డెసిబెల్స్ దగ్గర వస్తుంది. నేల మీద మన గాలిలో మామూలు శబ్దానికి అదే చివరి మెట్టు. నొక్కుడు వైపు మాత్రం హద్దు లేదు. కాబట్టి బాంబు పేలితే అది ఇక శబ్దంలా ఉండదు, శబ్దం కన్నా వేగంగా దూసుకొచ్చే గాలి గోడ అవుతుంది. దాన్నే షాక్ వేవ్ అంటారు. గోడలు కూల్చేది, కర్ణభేరి చీల్చేది అదే.

డీజే అంత దూరం పోదు. అయినా డెసిబెల్ లెక్క మనల్ని మోసం చేస్తుంది. మామూలు మాట 60, డీజే బాక్స్ దగ్గర 100 అంటే రెట్టింపు కూడా లేదు కదా అనిపిస్తుంది. కానీ ప్రతి 10 డెసిబెల్స్‌కూ శక్తి పదింతలవుతుంది. అంటే 60 నుంచి 100కు వెళ్తే పదివేల రెట్లు! 85 డెసిబెల్స్‌ను రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చని నిపుణుల లెక్క. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర పావుగంటే మిగులుతుంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమాల కణాలు ఒకసారి చస్తే మనుషుల్లో మళ్లీ మొలవవు. చిన్నపిల్లల్ని భుజాన ఎక్కించుకుని బాక్సుల పక్కన నిలబడే నాన్నలు దయచేసి ఈ లెక్క చూడండి. ఇయర్‌ఫోన్స్‌కూ ఇదే వర్తిస్తుంది. మన దేశ నిబంధనల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. బడి చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం.

ఇక గుంటూరుకు వద్దాం. నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే. మన చెవి సెకనుకు 20 నుంచి 20,000 కంపనాల వరకే వింటుంది. భగవంతం గారు పనిచేసింది లక్షల్లో, కోట్లలో కంపించే అల్ట్రాసోనిక్ శబ్దంతో. పెద్ద మోత కాదది, అసలు వినపడదు. ఒకవైపు మందంగా, మరోవైపు పలచగా కోసిన క్వార్ట్జ్ ముక్కకు విద్యుత్ ఇస్తే పలచని చోట ఎక్కువ వేగంతో, మందమున్న చోట తక్కువ వేగంతో కంపిస్తుంది. ఆ కంపనాన్ని ఒక స్ఫటికం గుండా పంపి, అవతలి ద్రవంలోకి చేరిన శబ్దం మీద కాంతి పడేలా చేస్తారు. శబ్దపు అలలు దువ్వెన పళ్లలా కాంతిని చీలుస్తాయి. ఏ కంపనం దగ్గర శబ్దం బాగా దాటిందో కాంతే చెప్పేస్తుంది. దాన్నిబట్టి ఆ స్ఫటికం ఎంత గట్టిదో లెక్క కడతారు.

ఈ పద్ధతితో ఆయనా, జె. భీమసేనాచార్ గారూ కలిసి వజ్రం స్థితిస్థాపకతను కొలిచారు. 1944లో ఆ ఫలితం నేచర్ పత్రికలో వచ్చింది. గాలిలో శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతే, వజ్రంలో సుమారు 18 కిలోమీటర్లు పోతుంది. తర్వాత వచ్చిన మెరుగైన పరికరాలు వాళ్ల అంకెల్లో కొన్నిటిని బాగానే మార్చాయి. అయితే ఏం, యుద్ధకాలంలో, ఊరు మారిన ల్యాబులో ఆ పని మొదలుపెట్టడమే నా దృష్టిలో గొప్ప.

ద్రవంలో అల్ట్రాసోనిక్ శబ్దాన్ని బాగా పెంచితే అక్కడా ఒక హద్దు వస్తుంది. ద్రవం తెగి సూక్ష్మ బుడగలు పుట్టి, వెంటనే కూలిపోతాయి. ఆ కూలే దెబ్బతోనే నగల షాపుల్లో నగలు కడుగుతున్నారు. ఆసుపత్రుల్లో కిడ్నీ రాళ్లు పగలగొట్టే షాక్ వేవ్ యంత్రానికి కూడా ఈ బుడగలు సాయపడతాయి.

1949లో ఆయన ఉస్మానియాకు వచ్చి, 1952 నుంచి 1957 వరకు వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. కాకతీయ యూనివర్సిటీ ఇంకా పుట్టలేదు, మన వరంగల్ కాలేజీ అప్పట్లో ఉస్మానియా కిందే ఉండేది. తర్వాత బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్ అయ్యారు. ఆయన తర్వాత ఆ కుర్చీలోకి వచ్చింది సతీష్ ధావన్. శబ్దవేగాన్ని దాటిన గాలిని పరీక్షించే విండ్ టన్నెల్ కట్టిన మనిషి ఆయన. 1961 నుంచి 1969 వరకు భగవంతం గారు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా ఉన్నారు. రెండు యుద్ధాలు ఆ మధ్యలోనే జరిగాయి. ఇంగ్లీష్ టీచర్‌గా నాకు ముచ్చటేసే విషయం ఇంకొకటి ఉంది: పుట్టపర్తి సత్యసాయిబాబా తెలుగు ప్రసంగాలను వేదిక మీదే అప్పటికప్పుడు ఇంగ్లీషులో చెప్పిన వ్యక్తి ఈయనే.

1989 ఫిబ్రవరి 6న ఆయన కన్నుమూశారు. టి. వెంకటరాయుడుతో కలిసి రాసిన గ్రూప్ థియరీ పుస్తకం, స్ఫటికాల సౌష్ఠవం మీద రాసిన మరో పుస్తకం పాత యూనివర్సిటీ లైబ్రరీల్లో దొరుకుతాయి. ఇంటర్‌లో ఫిజిక్స్ ఇష్టపడే పిల్లలుంటే ఒకసారి అట్ట తిప్పి చూపించండి.