చేతులే తెడ్లు

అలమీద బోర్డేసుకుని నిలబడి దూసుకొచ్చే మనిషిని చూస్తే, ఆ నిలబడడమే మొత్తం విద్య అనిపిస్తుంది. ఫోటోల్లో పడేదీ అదే. నేను చెప్పబోయేది దానికి ముందు జరిగే పని గురించి: బోర్లా పడుకుని, రెండు చేతులతో బారలు వేస్తూ అలలకి ఎదురు పోవడం. అందులో ఆరితేరినవాడు హవాయి దీవులకు చెందిన డ్యూక్ కహనమోకు.

డ్యూక్ అనేది బిరుదు కాదు, తండ్రి నుంచి వచ్చిన పేరు. ఆయన 1890 ఆగస్టు 24న హోనొలూలూలో పుట్టి, వైకీకీ తీరంలో పెరిగాడు. హైస్కూలు చదువు పూర్తి చెయ్యలేదు (కాలేజీ సావనీరులో రాయవలసిన మాట కాదేమో!). 1911 ఆగస్టులో హార్బరు నీళ్లలో 100 గజాలు 55.4 సెకన్లలో ఈదేశాడు. అది అప్పటి రికార్డు కంటే 4.6 సెకన్లు తక్కువ. అమెరికాలోని క్రీడాసంఘం పెద్దలు నమ్మలేదు. గడియారాలు తప్పన్నారు, నీటివాలు సాయపడిందన్నారు. మరుసటి ఏడాది స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల స్వర్ణం గెలిచాక ఇక ఎవరూ నోరు మెదపలేదు. 1920లో మళ్లీ గెలిచాడు. 1924లో, 33 ఏళ్ల వయసులో, వైస్‌ముల్లర్ చేతిలో ఓడి రజతం తెచ్చుకున్నాడు. తర్వాత సినిమాల్లో టార్జాన్ అయింది ఆ వైస్‌ముల్లరే.

బోర్డు మీద చేతులు వెయ్యడం ఈతలాంటిదే గాని పూర్తిగా ఈత కాదు. మనిషి మరీ వెనక్కి జరిగితే ముక్కు పైకి లేచి బోర్డు నీటిని ఈడుస్తుంది. ముందుకి జరిగితే ముక్కు మునుగుతుంది. ఛాతీ కొంచెం ఎత్తి, నడుము అటూ ఇటూ ఊగకుండా, ఒక్కో చెయ్యి ముందుకి చాచి నీటిని పట్టి వెనక్కి నెట్టాలి. అల దగ్గరికొచ్చేసరికి బోర్డు తగినంత వేగం అందుకోకపోతే అల మన కిందనుంచి తన దారిన తాను పోతుంది. మన జాలర్లు తెప్పమీద తెడ్డేసి తీరపు అలలు దాటడం చూసినవాళ్లకి ఈ అవస్థ తెలుస్తుంది. డ్యూక్ వాడిన కోవా కర్ర బోర్డు పొడవు 16 అడుగులు, బరువు 52 కిలోల దాకా. దాన్ని కదిలించడమే గొప్ప!

ఆ చేతుల విలువ 1925 జూన్ 14న తెలిసింది. కాలిఫోర్నియాలో న్యూపోర్ట్ దగ్గర తెల్మా అనే చేపల వేట పడవ పెద్ద అలలకి బోల్తాపడింది. అందులో 29 మంది ఉన్నారు. డ్యూక్ బోర్డు మీద పడుకుని, విరిగి పడుతున్న అలలకి ఎదురెళ్లి, దొరికినవాళ్లని బోర్డు మీదకి లాగి ఒడ్డుకి చేర్చాడు. మళ్లీ వెళ్లాడు, మళ్లీ వెళ్లాడు. ఎనిమిది మందిని బతికించాడు. ఆయన స్నేహితులు ఇంకో నలుగురిని తెచ్చారు. పదిహేడు మంది దక్కలేదు. ఒడ్డున చప్పట్లు కొట్టే జనం కోసం చేసింది కాదది. పతకాలన్నీ ఒక పక్కన పెట్టి, నేనైతే ఈ ఒక్క పూటనే ఎంచుతాను.

తర్వాతి జీవితం అంత మెరుపుగా సాగలేదు. పెట్రోలు బంకు నడిపాడు. పాతికేళ్లకి పైగా హోనొలూలూ షెరీఫ్‌గా చేశాడు. 1968 జనవరి 22న పోయాడు. చితాభస్మాన్ని వైకీకీ సముద్రంలోనే కలిపారు. 1990లో అక్కడ విగ్రహం పెట్టారు గాని, దాని వీపు సముద్రం వైపుంది. సముద్రానికి వీపు తిప్పి నిలబడే మనిషి కాడాయనని అక్కడి సర్ఫర్లు చాలామంది గొడవపడ్డారు.