గోదావరి ఒడ్డున ఏకాంతం

సాయంత్రం పూట చోడవరంలో మాడుగుల బస్సెక్కితే, కాసేపటికి దూరాన కొండలు నీలంగా కనిపిస్తాయి. పక్కసీటావిడతో కబుర్లు వాటంతటవే ఆగిపోతాయి. ఏదో దిగులు... అయినా హాయిగానే ఉంటుంది. అవి తూర్పు కనుమలు. ఇంకా దక్షిణాన, పాపికొండల దగ్గర, ఈ కనుమల మధ్య నుంచే గోదావరి దారి చేసుకుని వస్తుంది. ఆ దిగులునీ, హాయినీ కాగితం మీదకి దించిన మన చిత్రకారుడు దామెర్ల రామారావు.

1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టారు. చిన్నప్పటి నుంచీ బొమ్మల పిచ్చే. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర అది గమనించి చేరదీశారు. అడివి బాపిరాజు కూడా ఆయన శిష్యుడే. దొరగారి ప్రోత్సాహంతోనే రామారావు 1916లో బొంబాయి జె.జె. స్కూలుకి వెళ్లారు. తర్వాత సొంతూళ్లోనే చిత్రకళాశాల పెట్టారు.

ఆయన పేరు చెప్పగానే 1922లో కలకత్తాలో బహుమతి తెచ్చిన ఋష్యశృంగుడి బొమ్మే అందరికీ గుర్తొస్తుంది. కానీ నది, కొండ, చెట్టు, ఆకాశం... ఇలాంటి దృశ్యాలు వందకు పైగా వేశారాయన. నీటిరంగులతో పని అంటే మాటలు కాదు. వెలుగు మారేలోగా ముగించాలి, ఆరిపోయాక దిద్దుకోవడం కష్టం. చేతికే కాదు, మనసుకీ నిశ్శబ్దం కావాలి. అందుకేనేమో, ఆ బొమ్మల ముందు నిలబడితే మనమూ గొంతు తగ్గిస్తాం.

ఆ ఏకాంతాన్ని తనొక్కరే దాచుకోలేదు. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టారు. ఆడవాళ్లకి తమదంటూ ఒక గంట దొరకడమే గగనమైన రోజులవి!

1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయన్ని తీసుకుపోయింది. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. 1980 నాటికి లోకంలోనే లేకుండా పోయిన జబ్బు, అప్పుడు మాత్రం ఒక ఇల్లాలి పక్కన కుంచె ఖాళీ చేసింది. మిత్రుడు వరదా వెంకటరత్నం లాంటివాళ్లు కళాశాలను నిలబెట్టారు. రామారావు బొమ్మలు ఆయన పేరుతో రాజమండ్రిలో వెలసిన గ్యాలరీకి చేరాయి.

పుష్కరాలకో, పెళ్లికో అటు వెళ్తే ఒక పూట అక్కడికీ వెళ్లండి. పిల్లల్ని కాసేపు ఎవరికైనా అప్పగించి, ఒక్కరే చూడండి. ఇంటికొచ్చాక వంటింటి కిటికీలోంచి కనిపించే ఆ కాస్త ఆకాశం కూడా కొత్తగా అనిపిస్తుంది.