చెస్‌లో ఓడిపోయే ట్యూరింగ్

సెలవులకి ఇంటికెళ్ళినా మా రూమ్మేట్ నన్ను వదలడు. వాడు ప్రొద్దుటూరులో, నేను కర్నూల్లో. రాత్రి అన్నం తిన్నాక ఫోన్లో చెస్ మొదలవుతుంది. నేను ఒక ఎత్తు గురించి కొంచెం ఎక్కువసేపు ఆలోచిస్తే చాలు, చాట్‌లో వాయించడం మొదలుపెడతాడు. నేను బంటు జరిపేలోపు వాళ్ళమ్మ ఉగ్గాని చేసిందంట, వాడు తినేసి చేతులు కూడా కడుక్కున్నాడంట. ఓడిపోతే ఆ ఆట గురించి సెమిస్టర్ మొత్తం వినాలి. తర్వాత ఇద్దరం ఇంజిన్ ఆన్ చేసి చూస్తాం. అది మా ఇద్దరి ఎత్తులూ తప్పే అంటుంది. అప్పుడు మాత్రం ఇద్దరం ఒక పార్టీ.

ఈ ఇంజిన్లకి ముత్తాత ఎవరా అని చదవడం మొదలుపెడితే అలన్ ట్యూరింగ్ దగ్గర తేలాను. సీఎస్ఈ వాళ్ళకి ఈ పేరు కొత్త కాదు, ఆటోమాటా సిలబస్‌లో ట్యూరింగ్ మెషిన్ ఉండనే ఉంది. నాకు కొత్తగా తెలిసినవి రెండు. ఒకటి, ఆయన చెస్ పెద్దగా ఆడలేడు. రెండు, ఆయన కుటుంబం కథలో మన కర్నూలు కూడా ఉంది.

వాళ్ళ నాన్న జూలియస్ ట్యూరింగ్ మద్రాసు ప్రెసిడెన్సీలో ఐసీఎస్ ఆఫీసర్. బళ్ళారి, కర్నూలు, విశాఖపట్నం జిల్లాల్లో పనిచేశాడు. అప్పట్లో మన ఆదోని, ఆలూరు కూడా బళ్ళారి జిల్లాలోవే. వాళ్ళమ్మ ఈథెల్ పుట్టింది కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే. ఆమె నాన్న ఎడ్వర్డ్ స్టోనీ రైల్వేలో చీఫ్ ఇంజినీర్, తుంగభద్ర మీద వంతెన కట్టించినవాడు. అలన్ కడుపులో పడేసరికి జూలియస్‌కి గంజాం జిల్లా ఛత్రపూర్‌లో పోస్టింగ్. కాన్పుకి లండన్ వెళ్ళారు. 1912 జూన్ 23న అక్కడే పుట్టాడు.

లేకపోతే మనవాడే అని గొప్పలు చెప్పుకునేవాళ్ళం. కానీ ఈ కథలో బాధ కూడా ఇక్కడినుంచే మొదలవుతుంది. మన ఎండలు పిల్లాడికి పడవేమో అని అమ్మానాన్న ఆయన్నీ, అన్న జాన్‌నీ ఇంగ్లండ్‌లోనే వేరేవాళ్ళ ఇంట్లో వదిలి ఇండియాకి తిరిగొచ్చారు. అప్పటికి అలన్‌కి ఏడాదిన్నర కూడా నిండలేదు. మనం ఇంటర్‌లో హాస్టల్‌కి వెళ్తేనే వారం రోజులు ఏడ్చాం. ఆయన చిన్నతనం చాలావరకు అలాగే గడిచింది.

స్కూల్లో క్రిస్టఫర్ మోర్కమ్ అనే స్నేహితుడు దొరికాడు. ఇద్దరికీ లెక్కలన్నా, ఆకాశంలో నక్షత్రాలన్నా పిచ్చి. 1930 ఫిబ్రవరిలో ఆ అబ్బాయి క్షయతో చనిపోయాడు. ఆ దెబ్బ నుంచి ట్యూరింగ్ తేరుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1931లో కేంబ్రిడ్జ్‌లో కింగ్స్ కాలేజీలో చేరాడు. అక్కడ పరిచయమైన డేవిడ్ చాంపర్నౌన్ చివరిదాకా స్నేహితుడిగా ఉండిపోయాడు. 1936లో ట్యూరింగ్ రాసిన పేపర్లోంచే మనం చదివే ట్యూరింగ్ మెషిన్ వచ్చింది. ఆ ఏడాదే ఆయనకి 24 నిండాయి.

1939 సెప్టెంబర్‌లో యుద్ధం మొదలైన మర్నాడే బ్లెచ్లీ పార్క్‌లో రిపోర్ట్ చేశాడు. జర్మన్ల ఎనిగ్మా కోడ్ విప్పే రహస్య కేంద్రం అది. సరిగ్గా అప్పుడే ఇంగ్లండ్ చెస్ టీమ్ ఒలింపియాడ్ కోసం అర్జెంటీనాలో ఉంది. ఆ టీమ్‌లోని హ్యూ అలెగ్జాండర్, స్టువర్ట్ మిల్నర్-బ్యారీ, హ్యారీ గోలోంబెక్ ముగ్గురూ తర్వాత బ్లెచ్లీకే వచ్చారు. అలెగ్జాండర్ 1938 బ్రిటిష్ ఛాంపియన్. 1941లో వచ్చిన జాక్ గుడ్ కూడా మంచి ఆటగాడే. ట్యూరింగ్ నడిపే హట్ 8 పని జర్మన్ నేవీ కోడ్. ఆ పని మధ్య ఖాళీ దొరికితే చెస్.

అంతమంది మాస్టర్ల మధ్య ట్యూరింగ్ ఆట ఎలా ఉండేదో ఊహించుకోండి. గోలోంబెక్ తన క్వీన్‌ని ముందే తీసి పక్కన పెట్టేసి ఆడేవాడు, అయినా గెలిచేవాడు. ఇంకో కథ కూడా చెబుతారు. ట్యూరింగ్ ఇక నావల్ల కాదని ఆట వదిలేస్తే, గోలోంబెక్ బోర్డు తిప్పి ఆ ఓడిపోయిన పక్షాన్ని తాను తీసుకుని, దాంతోనే గెలిచేవాడంట. ప్రపంచంలో ఎవరూ విప్పలేరనుకున్న కోడ్ మీద పగలంతా కూర్చున్న మనిషి, సాయంత్రం ఇలా తన్నులు తినేవాడు. మళ్ళీ ఆడటానికి కూర్చునేవాడు.

చివరికి తనకి సరిజోడు వెతుక్కున్నాడు. పేరు డొనాల్డ్ మిచీ, స్కూలు అయిపోగానే బ్లెచ్లీకి వచ్చిన కుర్రాడు, దాదాపు మన వయసే. వీడి ఆట కూడా అంతంతమాత్రమే, అందుకే జోడీ కుదిరింది. ఇద్దరూ పక్కనున్న వోల్వర్టన్‌లో ఒక పబ్‌లో వారం వారం కలిసి ఆడేవాళ్ళు. మెషిన్‌కి చెస్ నేర్పొచ్చా, తప్పుల నుంచి అదే నేర్చుకోగలదా అన్న మాటలు ఆ బోర్డు దగ్గరే నడిచాయి. మిచీ తర్వాత బ్రిటన్‌లో ఏఐ పరిశోధనకి పెద్ద దిక్కయ్యాడు.

ఆ స్నేహితులకి నవ్వుకోవడానికి ట్యూరింగ్ దగ్గర సరుకు ఎప్పుడూ ఉండేది. పుప్పొడి పడదని గ్యాస్ మాస్క్ పెట్టుకుని సైకిల్ తొక్కేవాడు. టీ కప్పు ఎవరూ తీసుకెళ్ళకుండా రేడియేటర్‌కి గొలుసేసి కట్టేవాడు. యుద్ధంలో డబ్బు విలువ పోతుందని వెండి కడ్డీలు కొని పాతిపెట్టాడు. తర్వాత మిచీని వెంటేసుకుని వెతికినా దొరకలేదు. కోడ్లు విప్పే మనిషి తను దాచిందే తను కనిపెట్టలేకపోయాడు.

కానీ ఈ చెస్ బ్యాచ్ నవ్వులకే పనికొచ్చింది అనుకోవద్దు. 1941 అక్టోబర్‌లో పనికి సరిపడా మనుషుల్లేక బ్లెచ్లీ ఆగిపోయే పరిస్థితి వచ్చింది. పైఅధికారులు పట్టించుకోలేదు. ట్యూరింగ్, గోర్డన్ వెల్చ్‌మన్, అలెగ్జాండర్, మిల్నర్-బ్యారీ నలుగురూ సంతకాలు పెట్టి నేరుగా ప్రధాని చర్చిల్‌కి ఉత్తరం రాశారు. మిల్నర్-బ్యారీ రైలెక్కి ప్రధాని ఇంటికి వెళ్ళి ఇచ్చొచ్చాడు. వాళ్ళడిగినవన్నీ వెంటనే ఇమ్మని చర్చిల్ ఆర్డర్ వేశాడు.

యుద్ధం తర్వాత ట్యూరింగ్ పరుగు మీద పడ్డాడు. 1947లో మారథాన్ 2 గంటల 46 నిమిషాల్లో పూర్తి చేశాడు. ఈ పరుగునీ చెస్‌నీ కలిపి ఒక ఆట కూడా ఉండేది. ఎత్తు వేసి, ఇంటి చుట్టూ పరుగెత్తి రావాలి. తిరిగొచ్చేలోపు ఎదుటివాడు ఎత్తు వేయకపోతే ఇంకో ఎత్తు మనదే. బుర్రతో గెలవలేనివాడు కాళ్ళతో గెలిచే చెస్ అన్నమాట. మా హాస్టల్‌లో ఇది పెడితే వార్డెన్ ఒప్పుకోడు.

1948లో ట్యూరింగ్, చాంపర్నౌన్ కలిసి చెస్ ప్రోగ్రామ్ రాశారు. ఇద్దరి పేర్లూ కలిపి దానికి టురోచాంప్ అని పేరు. దాన్ని నడిపే కంప్యూటర్ అప్పటికి లేదు, కాబట్టి కాగితం, పెన్సిలే కంప్యూటర్. బంటుకి 1, గుర్రానికి 3, బిషప్‌కి మూడున్నర, ఏనుగుకి 5, క్వీన్‌కి 10 పాయింట్లు. తన ఎత్తు, దానికి ఎదుటివాడి జవాబు చూసి, చంపుళ్ళు ఉంటే అవి ఆగేదాకా ఇంకా ముందుకి చూసి, లెక్క కట్టి ఎత్తు ఎంచుకుంటుంది. అప్పుడే ఆట నేర్చుకుంటున్న చాంపర్నౌన్ భార్య దాని చేతిలో ఓడిపోయింది. మిచీ ఊరుకుంటాడా? షాన్ వైలీతో కలిసి పోటీగా మాకియవెల్లి అని ఇంకో ప్రోగ్రామ్ రాశాడు. రెండింటినీ మాంచెస్టర్ కంప్యూటర్ మీద ఎక్కించాలని ట్యూరింగ్ చూశాడు గానీ పూర్తి కాలేదు.

1952లో అలిక్ గ్లెన్నీ అనే సహోద్యోగి మీద టురోచాంప్ ఆడింది. ప్రాసెసర్ ట్యూరింగే. ఒక్కో ఎత్తుకి అరగంట దాకా కాగితం మీద లెక్కలు. తనకి నచ్చని ఎత్తు వచ్చినా, రూల్ చెప్పింది కాబట్టి అదే వేయాలి. 29 ఎత్తుల్లో ఓడిపోయింది. ఆయన రాసిన ప్రోగ్రామ్‌కి ఆయన పోలికే వచ్చింది.

అదే ఏడాది జీవితం తిరగబడింది. ఇంకో మగవాడితో సంబంధం ఉందని కేసు పెట్టారు. అప్పటి బ్రిటన్ చట్టంలో అది నేరం. మార్చి 31న కోర్టులో ఆయన గుణం గురించి సాక్ష్యం చెప్పడానికి వచ్చినవాళ్ళలో ఒకరు ప్రొఫెసర్ మాక్స్ న్యూమన్, ఇంకొకరు హ్యూ అలెగ్జాండర్. అలెగ్జాండర్ అప్పుడు ప్రభుత్వ కోడ్ సంస్థ జీసీహెచ్‌క్యూలో పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు. అలాంటి కేసులో పేరు వినపడటమే ఉద్యోగానికి ముప్పు. అయినా బోనెక్కి, ఈ మనిషి దేశానికి ఆస్తి అని చెప్పాడు. యుద్ధంలో ఏం చేశాడో మాత్రం చెప్పడానికి లేదు, అంతా రహస్యం. అసలు ఎత్తు చేతిలో ఉండి కూడా వేయలేని ఆట అది.

జైలుకి బదులు ఏడాదిపాటు హార్మోన్ మందులు తీసుకోవాలని తీర్పు వచ్చింది. రహస్య పనికి ఆయన్ని దూరం పెట్టారు. 1954 జూన్ 7న సైనైడ్‌తో చనిపోయాడు, 41 ఏళ్ళకి. ఆత్మహత్య అని విచారణలో తేల్చారు. బ్రిటన్ ప్రధాని క్షమాపణ చెప్పింది 2009లో, రాణి క్షమాభిక్ష ఇచ్చింది 2013లో.

2012లో ఆయన శతజయంతికి మాంచెస్టర్‌లో గ్యారీ కాస్పరోవ్ టురోచాంప్‌తో ఆడి 16 ఎత్తుల్లో గెలిచాడు. ఈసారి లెక్కలు కట్టడానికి నిజం కంప్యూటరే ఉంది. అయినా ఓటమే. ట్యూరింగ్ చూసుంటే మొదట నవ్వేది ఆయనే అని నా నమ్మకం.

ఇదంతా చదివాక నాకు గుర్తుండిపోయింది ఆ ప్రోగ్రామ్ కాదు, బోనెక్కిన అలెగ్జాండర్. బోర్డు దగ్గర ఎంత ఏడిపించినా, బయట లోకం మొత్తం అటువైపు కూర్చున్నప్పుడు వచ్చి ఇటువైపు నిలబడ్డాడు. ఆ సాక్ష్యంతో కేసు గెలవలేదు. అయినా వచ్చాడు.

ఫస్టియర్‌లో నాకు మ్యాథ్స్ బ్యాక్‌లాగ్ పడినప్పుడు, ఇంట్లో చెప్పడానికి భయపడుతుంటే, నాతోపాటు బస్సెక్కి వచ్చి మా నాన్న ముందు కూర్చున్నది మా ప్రొద్దుటూరు వాడే. తిట్లు ఇద్దరికీ పడ్డాయి. మొన్న ఈ కథంతా వాడికి చెప్పా. మొత్తం విని, అయితే ఇవాళ క్వీన్ లేకుండా ఆడతానన్నాడు.

ఆడాం. ఓడిపోయాను. రేపు మళ్ళీ ఉంది.