ఆగుట నేర్చిన మగ్గము: సకిచి టొయోడా

జపాను దేశమున షిజువొకా ప్రాంతంలో, నేడు కొసాయి పట్టణంలో కలిసిపోయిన యమగుచి అను పల్లెలో 1867 ఫిబ్రవరి 14వ తేదీన సకిచి టొయోడా జన్మించాడు. తండ్రి వడ్రంగి. తల్లి ఇంటిలో మగ్గము నేసేది. పనితనము తండ్రి నుండి అబ్బినా, బాలుని మనస్సు తల్లి కష్టముపైననే నిలిచింది.

1890లో టోక్యోలో జరిగిన పారిశ్రామిక ప్రదర్శనకు వెళ్లి, దినదినమూ యంత్రముల యెదుట నిలబడి వాని మర్మములను పరిశీలించాడు. ఆ యేడే ఒక్క చేతితో నడుపదగిన కొయ్య మగ్గమును నిర్మించి, మరుసటి సంవత్సరం దానికి పేటెంటు పొందాడు. 1896లో మర మగ్గమును రూపొందించాడు. పేక తెగినంతనే అది దానంతటదే ఆగిపోయేది.

ఆగిపోవుట కూడ ఒక గొప్పయేనా అని విద్యార్థి మిత్రులు సందేహింపవచ్చును. ఆగుట నేర్వని మర మగ్గమునకు నూలు తెగిన సంగతే తెలియదు. అది తప్పు బట్టను గజాల కొలది నేసుకొంటూ పోయేది. కనుక ప్రతి మగ్గము చెంత ఒక మనిషి కేవలం కాపలాకై కన్నార్పక నిలువవలసి వచ్చేది. మనిషిని యంత్రమునకు కావలివానిగా కట్టివేయుట కంటె హీనమైన పని వేరొకటి కలదా? 1924లో పూర్తియైన జి రకపు మగ్గము ఈ కట్టును తెంచింది. పడుగు తెగినా, పేక తెగినా అది ఆగేది. నాడెలో నూలు అయిపోవచ్చినపుడు మాత్రం ఆగకయే క్రొత్త నాడెను అందుకొనేది. ఒక్క పనివారే పెక్కు మగ్గములను చూడగలిగారు. దీనివలన మిగిలిన చేతులకు పని తగ్గిన మాటను కూడ దాచరాదు.

1929లో ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ సంస్థ ఈ మగ్గపు హక్కులను 1,00,000 పౌండ్లకు కొన్నది. మన నేతగాండ్ర పొట్టకొట్టిన లాంకషైరే ఒక వడ్రంగి కుమారుని వద్దకు రావలసి వచ్చింది! మరుసటి సంవత్సరం అక్టోబరు 30న సకిచి కన్నుమూశాడు.

కుమారుడు కిఇచిరో 1937లో మోటారు కార్ల సంస్థను స్థాపించాడు. 1950లో పనివారిని తగ్గింపబూనగా పెద్ద సమ్మె జరిగింది. కిఇచిరో అధ్యక్షపదవిని వదులుకొన్నాడు. 1951లో కార్మికుల సూచనలను స్వీకరించు పద్ధతి ఆ కర్మాగారంలో ఆరంభమైంది. 1932లో టొయోడా నూలుమిల్లులో చేరి, పిమ్మట కార్ల సంస్థకు వచ్చిన తాయిచి ఓనో, మగ్గము నేర్చిన విద్యను మనిషికి హక్కుగా మార్చాడు. ఈ పద్ధతికి జపానీయులు వాడు పేరులో, కదలికను తెలుపు అక్షరమునకు ప్రక్కన మనిషి గుర్తును చేర్చి వ్రాస్తారు.

కార్లు కూర్చు వరుస పొడవునా ఒక తాడు వ్రేలాడేది. ఏ చిన్న మర బిగియకపోయినా, అక్కడి సామాన్య కార్మికుడు, పై అధికారి అనుమతికై ఎదురుచూడక, దానిని లాగవచ్చును. దీపం వెలిగేది, జట్టు నాయకుడు పరుగున వచ్చేవాడు. ఇచ్చిన కొద్ది గడువులో లోపం సరికాకపోతే వరుస యావత్తూ నిలిచిపోయేది.