గాజు తొట్టెలో రాక్స్‌బర్గ్ మొక్కలు



పరీక్షలు అయిపోగానే పిల్లలు ఇంట్లో పెట్టే కోరికల్లో ఫిష్ ట్యాంక్ తప్పకుండా ఉంటుంది. కొనిచ్చేదాకా ఊరుకోరు. ఒక గుండ్రటి గాజు గిన్నె, రెండు గోల్డ్ ఫిష్‌లు, నీలం ఎరుపు రాళ్లు, ఒక ప్లాస్టిక్ మొక్క ఇంటికి వస్తాయి. పది రోజులు తిరగకముందే ఒక చేప వెల్లకిలా తేలుతుంది. మర్నాడు క్లాసులో ఆ బాబు ముఖం చూడగానే సంగతి తెలిసిపోతుంది.

ఈ నెల మహనీయుల పరిచయానికి నేను ఒక డాక్టరు గారిని ఎంచుకోవడానికి కారణం ఆ ప్లాస్టిక్ మొక్కే. దాని స్థానంలో నిజమైన నీటి మొక్కలు పెట్టవచ్చు. అక్వేరియం షాపుల్లో అమ్మే అలాంటి మొక్కల్లో చాలావాటి శాస్త్రీయ నామాల పక్కన ఒకే మనిషి పేరు పొట్టి రూపంలో ఉంటుంది. ఒక మొక్కను మొదట శాస్త్రబద్ధంగా వర్ణించిన వారి పేరును ఇలా చేర్చడం వృక్షశాస్త్రంలో ఆనవాయితీ. ఆ మనిషి విలియం రాక్స్‌బర్గ్. భారత వృక్షశాస్త్ర పితామహుడని ఆయనకు పేరు. ఆయన జీవితంలో సుమారు పన్నెండేళ్లు మన తెలుగు నేల మీద, సామర్లకోటలో గడిచాయి.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లాండ్‌లోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో పుట్టారు. ఎడిన్‌బరోలో చదువుకున్నారు. ఆ రోజుల్లో మందులు ఎక్కువగా మొక్కల నుంచే వచ్చేవి కాబట్టి డాక్టరు కావాలంటే వృక్షశాస్త్రం కూడా గట్టిగా చదవాలి. జాన్ హోప్ అనే ప్రొఫెసర్ దగ్గర ఆయన ఆ చదువు చదివారు. చిన్న వయసులోనే కంపెనీ ఓడల్లో సర్జన్‌కు సహాయకుడిగా పనిచేసి, 1776లో ఈస్ట్ ఇండియా కంపెనీ మద్రాసు వైద్యశాఖలో చేరారు.

మద్రాసులో ఆయన ఒక అలవాటు మొదలుపెట్టారు. రోజూ, రోజుకు కొన్నిసార్లు, వేడి ఎంత ఉంది, గాలి ఒత్తిడి ఎంత, వాన ఎంత పడింది అని చూసి పుస్తకంలో రాసుకునేవారు. ఎవరూ హోమ్‌వర్క్ ఇవ్వలేదు. ఆసుపత్రి పని ఎలాగూ ఉంది. అయినా రాశారు. ఆ లెక్కలు లండన్‌లో రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. నా దృష్టిలో ఆయన జీవితంలో పిల్లలకు మొదట చెప్పాల్సిన విషయం ఇదే, బిరుదులు తర్వాత.

1781 ప్రాంతంలో ఆయనకు సామర్లకోట పోస్టింగ్ వచ్చింది. అప్పుడది కంపెనీ సైన్యం ఉన్న కోట ఊరు, ఇప్పుడు కాకినాడ జిల్లాలో ఉంది. చుట్టూ వరి పొలాలు, చెరువులు, కాలువలు, కొంచెం దూరం పోతే కొండలు, అడవి. మొక్కల పిచ్చి ఉన్న డాక్టరుకు ఇంకేం కావాలి? లిన్నేయస్ శిష్యుడైన కోనిగ్ అనే వృక్షశాస్త్రవేత్త ఆయనకు స్నేహితుడు. 1785లో కాకినాడ పక్కన జగన్నాథపురంలో కోనిగ్ చనిపోయారు. కొన్నేళ్లకు, మద్రాసు ప్రభుత్వానికి కోనిగ్ చేసిన మొక్కల పరిశీలన బాధ్యత రాక్స్‌బర్గ్ చేతికి వచ్చింది.

ఆలోపే పెద్ద దెబ్బ తగిలింది. 1787 మే నెలలో కోరింగ తీరాన్ని తుఫాను ముంచెత్తింది. సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. అప్పటిదాకా ఆయన సేకరించిన ఎండు మొక్కలు, కాగితాలు, పుస్తకాలు ఆ నీళ్లలో పోయాయి. పదేళ్ల పని ఒక్కసారిగా పోయింది. ఆయన మళ్లీ మొదటి మొక్కతో మొదలుపెట్టారు. మనం ఈ రోజు చదివే రాక్స్‌బర్గ్ చాలావరకు ఆ రెండోసారి పని చేసిన రాక్స్‌బర్గే.

సామర్లకోటలో కంపెనీ కోసం ఒక ప్రయోగ తోట వేశారు. మిరియాలు, కాఫీ, దాల్చిన, నీలిమందు, పట్టు కోసం మల్బరీ. కంపెనీకి ఇందులో కావలసింది లాభం, ఆ విషయం దాచనక్కర్లేదు. అయితే 1789 తర్వాత వరుసగా వానలు పోయి ఉత్తర సర్కారుల్లో ఘోరమైన కరువు వచ్చినప్పుడు, జనం చనిపోవడం ఆయన కళ్లతో చూశారు. వర్షం లెక్కలు రాసే మనిషి కాబట్టి ఎంత వాన తగ్గిందో కూడా ఆయనకు తెలుసు. రోడ్ల వెంట, కాలువ గట్ల మీద కొబ్బరి, పనస, సాగో లాంటి చెట్లు పెంచితే వరి పోయిన ఏడు కూడా తిండి దొరుకుతుందని ప్రభుత్వానికి రాశారు.

మొక్కలకు తెలుగు వాళ్లు ఏమని పిలుస్తారో అడిగి ఆ పేర్లు కూడా రాసుకోవడం ఆయనకున్న ఇంకో మంచి అలవాటు. జ్వరానికి బెరడు వాడే సోమిద చెట్టును ఆయన లోకానికి పరిచయం చేశారు. తర్వాతి శాస్త్రవేత్తలు దానికి సోయ్‌మిడా అని పెట్టిన పేరు మన తెలుగు మాటే. మన దగ్గర ఎండాకాలంలో అడవికి పోయి కోసుకొచ్చే తునికాకు చెట్టుకు డయోస్పైరోస్ మెలనాక్సిలాన్ అని పేరు పెట్టిందీ ఆయనే.

బొమ్మల సంగతి మాత్రం నాకు కొంచెం కష్టంగా ఉంటుంది. ఆయన భారతీయ చిత్రకారులను పెట్టుకుని, ప్రతి మొక్కనూ ఆకు, పువ్వు, కాయ, గింజతో సహా రంగుల్లో వేయించారు. జీవితం మొత్తంలో 2,500కు పైగా బొమ్మలు. వాటిలోంచి 300 ఎంచి, లండన్‌లో జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో 1795 నుంచి 1820 వరకు మూడు పెద్ద సంపుటాలుగా అచ్చువేశారు. వాటి పేరే కోరమాండల్ తీరపు మొక్కలు. వేసినవారి పేర్లు చాలావరకు ఎక్కడా లేవు. ప్రాజెక్టు మీద పేరు రాయకపోతే మేము పిల్లలను వెనక్కి పంపుతాం, ఇక్కడ ప్రాజెక్టు అంతా చేసినవాళ్ల పేరే లేదు.

ఆ రెండో సంపుటిలో రెండు నీటి మొక్కలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి ఇప్పుడు హైడ్రిల్లా అని పిలిచేది, మన చెరువుల్లో కాళ్లకు చుట్టుకునే నాచు. రెండోది బ్లిక్సా ఆక్టాండ్రా, గడ్డి పోచల్లాంటి ఆకులతో నీటి అడుగున పెరిగేది. ఎవరూ పట్టించుకోని గుంటల్లోని పాచిని కూడా ఆయన గులాబీ పువ్వంత శ్రద్ధగా వేయించారు. అంతేకాదు, చక్కెర తయారుచేసేవాళ్లు తడి నాచును చక్కెర మీద పరిచి, దానిలోంచి మెల్లగా కారే నీటితో మడ్డిని కిందికి దింపి చక్కెరను తెల్లబరచే పద్ధతినీ గమనించి రాశారు.

1793లో ఆయన కలకత్తా వెళ్లారు. హుగ్లీ ఒడ్డున శిబ్‌పూర్‌లో ఉన్న కంపెనీ బొటానికల్ గార్డెన్‌కు సూపరింటెండెంట్ అయ్యారు. ఇప్పుడది ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ పేరుతో ఉంది. ఇరవై ఏళ్ల తర్వాత ఆయన వదిలి వెళ్లేనాటికి ఆ తోట జాబితాలో మూడు వేలకు పైగా మొక్కలున్నాయి. ఆరోగ్యం పాడై 1813లో బయలుదేరి, దారిలో సెయింట్ హెలీనా దీవిలో ఆగి అక్కడి మొక్కల జాబితా కూడా రాసి, 1815లో ఎడిన్‌బరోలో కన్నుమూశారు. ఆయన పెద్ద గ్రంథం ఫ్లోరా ఇండికా ఆయన బతికుండగా అచ్చు కాలేదు. మొదటి భాగం 1820లో, పూర్తి ప్రతి 1832లో శ్రీరాంపూర్‌లో విలియం కేరీ చేతుల మీదుగా వెలువడ్డాయి.

ఆ వ్రాతప్రతుల్లోంచి బయటికి వచ్చినవే ఇప్పుడు అక్వేరియం షాపుల్లో రబ్బరు బ్యాండు వేసి కట్టలుగా అమ్మే మొక్కలు. హైగ్రోఫిలా పాలిస్పెర్మా, రొటాలా రొటుండిఫోలియా, ఆంబులియా పేరుతో దొరికే లిమ్నోఫిలాల్లో ఒకటైన హెటెరోఫిల్లా, ఈ మూడింటి పేర్ల వెనుకా రాక్స్‌బర్గ్ ఉన్నారు. రొటాలా పేరులో ఆయన స్నేహితుడు బుకానన్ పేరు కూడా కలిసి ఉంటుంది. ఆయన కూడా ఎడిన్‌బరో డాక్టరే, తర్వాత ఇంటిపేరు హామిల్టన్‌గా మార్చుకున్నారు. 1822లో గంగానది చేపల మీద పుస్తకం రాశారు. జీబ్రా డానియో, హనీ గౌరామి చేపలు శాస్త్రానికి మొదట తెలిసింది ఆ పుస్తకంతోనే. అంటే మీ ట్యాంకులో మొక్క ఒక స్నేహితుడిది, చేప ఇంకో స్నేహితుడిది.

రాక్స్‌బర్గ్‌కు మాత్రం అక్వేరియం అంటే తెలియదు. గాజు తొట్టెలో మొక్క, చేప, నత్త కలిసి ఒకదానినొకటి బతికిస్తాయని లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ చూపించింది 1850లో, రాక్స్‌బర్గ్ పోయిన 35 ఏళ్లకు. చేప వదిలే అమ్మోనియా దానికే విషం. దాన్ని మొక్క తిండిగా తీసుకుంటుంది, ఇసుకలో పెరిగే బ్యాక్టీరియా కూడా నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ గుండ్రటి గిన్నెలో చేప పోయింది ఇందుకే. అక్కడ విషాన్ని తీసుకునేవాళ్లు ఎవరూ లేరు.

కాబట్టి ముందు మొక్కలు, నెల తర్వాత చేపలు. పిల్లలు ఒప్పుకోరు, ఒప్పించాల్సింది మీరే.

రెండు అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టె చాలు. 54 లీటర్లు పడతాయి, ఇసుకతో కలిపి బరువు 60 కిలోలు దాటుతుంది. టీవీ స్టాండ్ మీద కాకుండా గట్టి బల్ల మీద, కిటికీ ఎండ నేరుగా పడని చోట పెట్టండి. ఎండ పడితే పచ్చటి పాచి గాజును కప్పేస్తుంది. అడుగున ఒక అంగుళం జల్లించిన మట్టి వేయండి. యూరియా, డీఏపీ తగిలిన పొలం మట్టి వద్దు. దాని మీద బాగా కడిగిన ఇసుక రెండు అంగుళాలు. మొక్కల కట్ట విప్పి, ఒక్కో కాడనూ విడిగా, కింది ఆకులు తీసేసి, గుచ్చండి. ఎక్కువ మొక్కలు పెట్టండి, మొదట్లో పొదుపు పనికిరాదు. నీళ్లు నేరుగా పోస్తే మట్టి పైకి లేస్తుంది, ఇసుక మీద ఒక ప్లేటు పెట్టి దాని మీద పోయండి. మిషన్ భగీరథ నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ఒక రోజు బకెట్‌లో తెరిచి ఉంచి వాడండి. బోరు నీళ్లయినా ఫర్వాలేదు, హైగ్రోఫిలా కాస్త గట్టి నీళ్లను తట్టుకుంటుంది. ఎల్ఈడీ లైటు రోజుకు ఏడెనిమిది గంటలు చాలు.

మొదటి రెండు వారాలు కొన్ని ఆకులు కుళ్లుతాయి, నీళ్లు మసకబారతాయి. భయపడకండి. పాడైన ఆకులు తీసేస్తూ, వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి. కొత్త చిగుళ్లు వచ్చాక ఆరు జీబ్రా డానియోలు వేయండి. రెండు నిమిషాల్లో తినేంత మేత మాత్రమే వేయాలి.

ఈ నెల రోజులూ పిల్లలకు పని ఉండాలి కదా. ఒక థర్మామీటర్, ఒక నోట్‌బుక్ ఇవ్వండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి నీటి వేడి ఎంతో చూసి రాయమనండి. ఏ మొక్క ఎన్ని అంగుళాలు పెరిగింది, ఏ ఆకు రంగు మారింది, కూడా రాయాలి. వారానికి ఒక మొక్క బొమ్మ వేయాలి, కింద వేసినవారి పేరు ఉండాలి. మన తొర్రూరు ఎండలకు ఈ పుస్తకం అవసరమే. నీటి వేడి 30 డిగ్రీలు దాటుతోందని పిల్లలే ముందు కనిపెడతారు. అప్పుడు మూత తీసి, నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైపోయిన నీళ్లు మళ్లీ నింపుతూ ఉండాలి.

మొక్కలు చెరువు నుంచి తెచ్చుకోవచ్చా అని కొందరు అడిగారు. తెచ్చుకోవచ్చు, కానీ పత్తి చేల నీళ్లు కలిసే ఒర్రెల నుంచి వద్దు, పురుగుమందు చేపను నిలవనివ్వదు. అటు నుంచి ఇటు తేవడం కంటే ఇటు నుంచి అటు పోయేదానితో ఎక్కువ జాగ్రత్త కావాలి. అక్వేరియం వ్యాపారం ద్వారా 1950ల్లో అమెరికాలోని ఫ్లోరిడాకు చేరిన హైడ్రిల్లా అక్కడి సరస్సులను, కాలువలను కమ్మేసింది. హైగ్రోఫిలా కూడా అక్కడ నిషేధిత కలుపు జాబితాలో ఉంది. షాపులో కొన్న మొక్కల్లో, చేపల్లో బయటి దేశాలవి ఎన్నో మనకూ తెలియదు. అందుకే కత్తిరించిన కొసలను కాలువలోకి, చెరువులోకి పారేయవద్దు. మంచి కొసలను మళ్లీ ఇసుకలో గుచ్చితే వారం పది రోజుల్లో వేరు పోసుకుంటాయి, పక్కింటి పిల్లలకూ ఇవ్వవచ్చు. మిగిలినవి డాబా మీద ఎండబెట్టి పూలకుండీల్లో వేయండి.