57 ఏళ్లకు మొదటి లీడ్ రోల్!

ఫైనల్ రౌండ్ దాకా వెళ్లారు. లిస్టులో మీ పేరు లేదు, ఫ్రెండ్ పేరుంది. ఆ రాత్రి అన్నం సయించదు కదూ? అలాంటి రాత్రి మీకు ఎదురై ఉంటే ఈ నటి కెరియర్ ఓసారి చూడండి.

ట్వీటీ కార్టూన్లు చూసే ఉంటారు. పిట్ట జోలికొచ్చిన పిల్లిని గొడుగుతో బాదే బామ్మ గుర్తుందా? ఆ బామ్మకు మొదట్లో గొంతు ఇచ్చింది అమెరికన్ నటి బీ బెనడెరెట్. 1906లో న్యూయార్క్‌లో పుట్టి శాన్‌ఫ్రాన్సిస్కోలో పెరిగింది. నాటకాలతో మొదలుపెట్టి, అక్కడి కేఎఫ్ఆర్‌సీ రేడియో స్టేషన్‌లో ఉద్యోగంలో చేరింది. నటించడం, పాడటం, స్క్రిప్టులు రాయడం, అనౌన్స్‌మెంట్లు.. ఏది అప్పగిస్తే అది చేసింది. పని అంతా అక్కడే నేర్చుకుంది.

1936లో హాలీవుడ్‌కు మకాం మార్చింది. ఏ యాస అడిగినా పలికేది కాబట్టి రేడియోలో చేతినిండా పని. 1940ల్లో వార్నర్ బ్రదర్స్ కార్టూన్లలో ఎన్నో పాత్రలకు గొంతు అరువిచ్చింది. అయినా తెర మీద ఆమె పేరు పడేది కాదు. గొంతుల క్రెడిట్ కాంట్రాక్టు ప్రకారం మెల్ బ్లాంక్‌కే దక్కేది. పేరు రాకపోయినా ఆమె పనిలో లోటు రానివ్వలేదు.

'ఐ లవ్ లూసీ' సీరియల్‌లో ఎథెల్ పాత్రకు లూసీల్ బాల్ మొదట అనుకున్నది బెనడెరెట్‌నే. కానీ 1950లోనే ఆమె 'బర్న్స్ అండ్ అలెన్' టీవీ షోలో పక్కింటి బ్లాంచ్ పాత్ర ఒప్పుకుంది. దాంతో ఎథెల్ పాత్ర వివియన్ వాన్స్‌కు వెళ్లింది. 1954 ఎమ్మీ అవార్డుల్లో సహాయ నటి విభాగంలో ఇద్దరూ పోటీపడ్డారు. గెలిచింది వాన్స్! చేజారిన పాత్రే ఎదురొచ్చి అవార్డు ఎగరేసుకుపోతే ఎలా ఉంటుందో ఊహించండి. బెనడెరెట్ మాత్రం 1958లో షో ముగిసేవరకూ బ్లాంచ్‌గానే కొనసాగింది. ఆమె భర్త పాత్రలో నలుగురు నటులు మారినా ఆమె స్థానం చెక్కుచెదరలేదు.

1962లో మరో దెబ్బ. 'ద బెవర్లీ హిల్‌బిల్లీస్'లో గ్రానీ పాత్రకు ప్రయత్నిస్తే అది ఐరీన్ రయాన్‌కు దక్కింది. ఆమెకు మిగిలింది చిన్నదైన పెర్ల్ పాత్ర. అలిగి కూర్చోకుండా చేసింది. అప్పటికే 'ద ఫ్లింట్‌స్టోన్స్'లో బెట్టీ రబుల్‌కు గొంతు ఇస్తోంది కూడా.

ఆ సీరియల్ సృష్టికర్త పాల్ హెన్నింగ్ గతంలో బర్న్స్, అలెన్‌లకు స్క్రిప్టులు రాసినవాడే. ఆమె పనితీరు ఏళ్లుగా దగ్గర నుంచి చూశాడు. తర్వాతి ఏడాదే ఆమెను ప్రధాన పాత్రలో పెట్టి 'పెట్టీకోట్ జంక్షన్' మొదలుపెట్టాడు. అప్పుడామె వయసు 57.

క్యాన్సర్ చికిత్స తర్వాత కూడా ఆమె సెట్‌కు తిరిగొచ్చింది. 1968 అక్టోబరులో, 62 ఏళ్ల వయసులో కన్నుమూసింది. చివరి ఎపిసోడ్‌లో ఆమె ముఖం కనిపించదు, గొంతు మాత్రమే వినిపిస్తుంది.

ఇందులో మీకు పనికొచ్చేది ఏంటంటే.. ఆమెకు పెద్ద అవకాశం ఆడిషన్‌లో రాలేదు, పాత పని చూసినవాళ్ల నుంచి వచ్చింది. కాబట్టి ఇంటర్న్‌షిప్ అయినా, పార్ట్‌టైమ్ అయినా, పేరు రాని ప్రాజెక్టయినా మనసుపెట్టి చేయండి. అక్కడ కలిసి పనిచేసినవాళ్లతో టచ్‌లో ఉండండి. లిస్టులో పేరు లేదని బాధ ఉంటుంది. ఒకరోజు బాధపడండి, పర్లేదు. మర్నాడు మళ్లీ అప్లై చేయండి.